ఒకే బెంచీ మీద కూర్చున్నాక

వ్యాపార్ విహార్, బిలాస్‌పూర్

అమ్మలూ,

విడివిడిగా చదివే పిల్లల్ని ఒక బడికి చేర్చడంలో సామాజిక పరిశోధన ఏపాటి సాయం చేసిందని అడిగావు. చాలా చేసింది. కానీ దాని చేత ఏ పని చేయించాలో తెలిసుండాలి.

అమెరికాలో మనస్తత్వవేత్తలు కెన్నెత్ క్లార్క్, మామీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ పెట్టి ఏది మంచిదని అడిగారు. ఎక్కువమంది తెల్లబొమ్మనే చూపించారు. 1954లో నల్లపిల్లలకూ తెల్లపిల్లలకూ వేరు బడులు చెల్లవన్న అక్కడి సుప్రీంకోర్టు బ్రౌన్ కేసు తీర్పు, 11వ ఫుట్‌నోట్‌లో క్లార్క్ రచనను పేర్కొంది. అయితే తెల్లపిల్లలతో కలిసి చదివే ఉత్తరాది నల్లపిల్లలూ తెల్లబొమ్మనే కోరారు, ఇంకాస్త ఎక్కువగా! గాయం నిజమే, అది బడి వల్లే అయిందని మాత్రం ఆ పరీక్షతో తేలలేదు. విమర్శకులు దాన్నే పట్టుకున్నారు. అయినా తీర్పు న్యాయమైనదే. కలిసి చదవడం పిల్లల హక్కు, దాన్ని ఏ పరీక్ష ఫలితానికీ ముడిపెట్టకూడదు.

మన 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద, వెనకబడిన వర్గాల పిల్లలకిమ్మంది. ఇక్కడి హోల్‌సేల్ కొట్టు యజమాని కొడుకూ, బస్తాలు మోసే హమాలీ కూతురూ ఒకే బెంచీకి రావచ్చు. వచ్చాక ఏమవుతుందో చెప్పాల్సింది పరిశోధనే.

ఢిల్లీలో 2007లోనే కొన్ని పెద్ద బడులకు ఇలాంటి నిబంధన పెట్టారు. ఆర్థికవేత్త గౌతమ్ రావు అక్కడ పరిశీలించాడు. పేద పిల్లలతో చదివిన కలవారి పిల్లల్లో ఇచ్చే గుణం పెరిగింది, పేదవాళ్లతో ఆడుకోవడానికి వెనకాడడం తగ్గింది. ఆ కలవారి పిల్లల చదువు మీద పడిన ప్రభావం కొద్దిపాటిదే. నాకు బాగా నచ్చిందేమిటంటే, కొన్ని బడుల్లో పేర్ల అక్షరక్రమంలో జట్లు కట్టేవారు. పేద పిల్లలతో ఒకే జట్టులో పడ్డవాళ్లలోనే ఈ మార్పు బాగా కనిపించింది. గేటు దాటించినంత మాత్రాన చాలదన్నమాట, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెడతామన్నదీ చూసుకోవాలి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి 180 పల్లెల్లో లాటరీ వేసి కొందరు పిల్లల్ని ప్రైవేటు బడులకు పంపారు. పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ నాలుగేళ్లు చూశారు. లాటరీ తగలనివాళ్లతో పోలిస్తే తెలుగులో, లెక్కల్లో తేడా లేదు, హిందీలో మాత్రం మెరుగు. ముందునుంచీ ఆ బడుల్లో ఉన్నవాళ్లకూ నష్టం కనిపించలేదు. ఇది మార్కుల లెక్క. స్నేహాల సంగతి దీన్ని అడగకు.

ఇలాంటివి పరిశీలించడానికి నువ్వు బడికి వెళ్తే పిల్లల కులం అందరి ముందూ అడగకు. ఉత్తరప్రదేశ్‌లో పరిశోధకులు కార్లా హాఫ్, ప్రియాంకా పాండే పిల్లలకు చిక్కుదారుల పజిళ్లిచ్చారు. కులం చెప్పనంతవరకు అందరూ సమానంగా చేశారు, కులం అందరి ముందూ పైకి చదివాక దళిత పిల్లలు వెనకబడ్డారు. కాబట్టి ఆ వివరం రిజిస్టర్లో చూసుకో.