ఊద్ వాద్యము – చేయించుకొనువాని వివేకము

తెలుగునాట ఊదువత్తి నెరుగని యిల్లు లేదు. ఆ మాటలోని ‘ఊదు’ అరబ్బీ పదము. ఉర్దూ మార్గమున మన వాడుకలోనికి వచ్చినది. అరబ్బీలో ‘ఊద్’ అనగా కొయ్య. పరిమళమునిచ్చు అగరు కొయ్యకు ఆ పేరే. కొయ్యతో చేసిన ఒక ప్రసిద్ధ తంత్రీవాద్యమునకును ఆ పేరే. మొదటి ఊద్ మన దర్గాలలోను, పెండ్లిండ్లలోను నిత్యపరిచితము. రెండవదానిని గూర్చి మన విద్యార్థులకు తెలిసినది స్వల్పము. ఒక పనివాని యొద్ద ఊద్‌ను చేయించుకొనవలెనన్నచో ఏమేమి తెలిసియుండవలెను అను ప్రశ్నను ముందుంచుకొని ఆ వాద్యమును పరిచయము చేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

సంగీతము ధర్మసమ్మతమా కాదా యను విషయమున ముస్లిము పండితులలో భిన్నాభిప్రాయములు కలవు. ఆ వివాదమును తీర్చుట ఇచ్చట నా పని కాదు. కాని ఇస్లామీయ నాగరికతా చరిత్రను చదువువారు ఊద్‌ను విడిచి చదువలేరు అనుట మాత్రము నిజము.

పూర్వ చరిత్ర

9వ శతాబ్దమున బాగ్దాదులో నివసించిన తత్త్వవేత్త అల్ కిందీ, ఊద్ తంత్రులను ఆధారముగా గైకొని స్వరశాస్త్రమును వివరించెను. నాటి ఊద్‌కు నాలుగు తంత్రులు. వాని పేర్లు బమ్, మస్లస్, మస్నా, జీర్. ఉర్దూలో స్వరముల హెచ్చుతగ్గులకు వాడు ‘జీర్ ఓ బమ్’ అను పలుకుబడిలో ఈ మొదటి, చివరి పేర్లు నేటికిని వినవచ్చును. 822వ సంవత్సరమున స్పెయినులోని ఖుర్తుబా నగరమును చేరిన జిర్యాబ్ అను విద్వాంసుడు ఐదవ తంత్రిని చేర్చెనని సంప్రదాయము. 950లో మరణించిన అల్ ఫారాబీ తన ‘కితాబ్ అల్ మూసీఖీ అల్ కబీర్’లో స్వరముల మధ్య దూరములను ఊద్ మెడపై చూపించెను. ‘అల్ ఊద్’ అను పేరే యూరపు భాషలలో ‘ల్యూట్’ అయినది. 2022లో ఇరాన్, సిరియా దేశముల పేర ఊద్ నిర్మాణ వాదనములను యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చినది. వాయించు విద్యతోపాటు చేయు విద్యకును అందు సమాన స్థానమిచ్చుట గమనింపదగినది.

నిర్మాణము

మన విజయనగరము జిల్లాలోని బొబ్బిలి వీణను తలచుకొన్నచో ఊద్ నిర్మాణము సులభముగా బోధపడును. ఏకాండి వీణను ఒకే పనసదుంగను తొలిచి చేయుదురు. ఊద్ అట్లు కాదు. దాని పొట్ట సన్నని బద్దలను వేడిచేసి వంచి, ఒకదాని ప్రక్కన ఒకటి అతికించి కూర్చినది. బద్దలు సాధారణముగా 15 మొదలు 25 వరకు ఉండును; ఒక్కొక్కదాని మందము సుమారు 3 మిల్లీమీటర్లు. వీనికి అక్రోటు, నూకమాను వంటి గట్టి కొయ్యలను వాడుదురు. పొట్టను మూయు పలక మాత్రము తేలికయైన దేవదారు జాతి కొయ్య. దాని మందము సుమారు 2 మిల్లీమీటర్లు. ఈ పలకయే వాద్యమునకు ప్రాణము. లోపలి ప్రక్క దానికి అడ్డకమ్ములను అతికింతురు. తంత్రుల బరువును మోయుటకు పలక దృఢముగా నుండవలెను. నాదమునకై కంపించుటకు పలుచగా నుండవలెను. ఈ రెండు విరుద్ధ ధర్మములను సమన్వయపరచుటలోనే పనివాని ప్రజ్ఞ యంతయు కలదు.

వీణకు మైనముపై నిలిపిన 24 మెట్లు కలవు. ఊద్‌కు మెట్లు లేవు. మెడ పొట్టను కలియు చోటే వాదకుని చేతికి గుర్తు. అరబ్బు ఊద్‌లో మెడ పొడవు తంత్రి పొడవున మూడవ వంతు. తంత్రి 60 సెంటీమీటర్లయినచో మెడ 20 సెంటీమీటర్లు. ఆ చోట వ్రేలుంచి మీటినచో మిగిలిన రెండు వంతుల తంత్రి, విడితంత్రి షడ్జమునకు సరియైన పంచమమును పలుకును. నేటి ఊద్‌లకు ఐదు జంటలును ఒక ఒంటి మంద్రతంత్రియు, మొత్తము 11 తంత్రులు సామాన్యము.

ఒప్పందము

లేని వస్తువును అమ్మరాదు అనునది ఇస్లామీయ వర్తకశాస్త్రమున సామాన్య నియమము. ఐనను ప్రజల అవసరమును, ఆచారమును గమనించి హనఫీ పండితులు దీనికి ఒక మినహాయింపు నిచ్చిరి. పనివానికి వస్తువును వర్ణించి చేయించుకొను ఆ ఒప్పందమునకు ‘ఇస్తిస్నా’ అని పేరు. ఇందు సామగ్రి పనివానిదే. కొయ్యను కొనువాడే తెచ్చియిచ్చినచో అది ‘ఇజారా’, అనగా కూలి యొప్పందమగును. 1869 – 1876 సంవత్సరముల మధ్య తురుష్క సామ్రాజ్యమున వెలువడిన ‘మజల్లా’ అను ధర్మసంహిత ఇస్తిస్నాలో వస్తువు యొక్క వర్ణన స్పష్టముగా నుండవలెనని విధించినది. చేసిన వస్తువు ఆ వర్ణనకు సరిపోనిచో దానిని త్రోసిపుచ్చు హక్కును కొనువానికి ఇచ్చినది.

ఊద్‌ను చేయించుకొనువానికి ఇంతకంటె మంచి పాఠము లేదు. ‘మంచి ఊద్ చేసి యిమ్ము’ అనుట వర్ణన కాదు. తంత్రి పొడవెంత? అరబ్బు పద్ధతిలో సుమారు 61 సెంటీమీటర్లు, తురుష్క పద్ధతిలో సుమారు 58.5 సెంటీమీటర్లు. చిన్న చేయి గలవానికి ఈ భేదము మిక్కిలి ముఖ్యము. ఏ శ్రుతిలో వాయింతువు? ఏ కొయ్య కావలెను? ఎంత కాలమునకు కావలెను? వీనికి సమాధానము లేక బయానా ఇచ్చువాడు పిమ్మట పనివానిని నిందించుట న్యాయము కాదు.

ధర విషయమునను వివేకము కావలెను. ముత్యపు చిప్పల పొదుగుపని చూపునకు అందము. ధరను పెంచును, నాదమును పెంచదు. చేతిలో సొమ్ము చాలనిచో ఆ అలంకారమును తగ్గింపుమని కోరవచ్చును. పలకను, మేకులను, శ్రమను తగ్గింపుమని కోరరాదు. అట్లు కోరినచో తగ్గునది ధర కాదు, వాద్యము.

పరీక్ష

కైరో, ఇస్తాంబులు వంటి నగరములలో గోడకు వ్రేలాడదీసి యాత్రికులకు అమ్ము ఊద్‌లు అనేకములు కానవచ్చును. వానిలో పెక్కు అలంకార వస్తువులే. గల్ఫ్ దేశములలో కష్టించి కూడబెట్టిన జీతముతో అట్టిదానిని కొని తెచ్చుకొన్న యువకుడు, వాయింపలేక, లోపము తన వ్రేళ్లదని భ్రమపడి విద్యనే మానుకొనవచ్చును. కావున పరీక్ష అవసరము.

మొదట మేకుల కొన నుండి మెడ వెంబడి ఒక కన్నుతో చూడవలెను, వంపు కనబడరాదు. మెడ పొట్టను కలియు చోట తంత్రికిని కొయ్యకును నడిమి యెడము సుమారు 3 మిల్లీమీటర్లకు మించినచో చేతికి బాధ. పలకపై కొయ్య యీనెలు సన్నముగా, తంత్రులకు సమాంతరముగా సాగవలెను. మేకులు మృదువుగా తిరుగవలెను. తిప్పిన చోట నిలువవలెను. పిమ్మట ఒక్కొక్క తంత్రిని మెడ పొడవునను నొక్కి మీటి, ఎచ్చటనైనను గరగర పుట్టుచున్నదేమో వినవలెను. నాదరంధ్రము గుండ లోపలికి చూచినచో పనివాని పేరుచీటీ కానవచ్చును. అది ఒక్కటే ప్రమాణము కాదు. చీటీని అతికించుట సులభము. వాద్యమును చేయుట కష్టము.

వస్తువులోని లోపమును దాచి అమ్మరాదని మన ధర్మము అమ్మువానికి బోధించినది. నిజాయితీ గల పనివాడు అడుగకముందే లోపమును చూపును. సాధ్యము కానిదానిని సాధ్యము కాదనును. ఆ మాటను ఓర్పుతో వినుట కొనువాని ధర్మము.

ఇంటికి తెచ్చిన తరువాతను జాగ్రత్త కావలెను. ఎడారి దేశపు పొడిగాలిలో పెరిగిన పలక మన కోస్తా వానకాలమున తేమను పీల్చి ఉబ్బును. తంత్రులు పైకి లేచును. రాయలసీమ వేసవిలో ఎండి చీలవచ్చును. పెట్టెలో నుంచి, మిద్దె గోడ వేడికి దూరముగా కాపాడవలెను. సంప్రదాయ పద్ధతిలో వాడు జంతు వజ్రము వేడికి, తేమకు విడిపోవును. అందువలననే ఎరిగిన పనివాడు వాద్యమును విప్పి మరల బాగుచేయగలడు.

ముగింపు

డమాస్కసు నహ్హాత్ కుటుంబీకులు క్రైస్తవులు. ఇస్తాంబులు మనోల్ గ్రీకు క్రైస్తవుడు. బాగ్దాదు ముహమ్మద్ ఫాజిల్ ముస్లిము. ముగ్గురి చేతిపనియు నేటికిని వాద్యకారులకు శిరోధార్యమే. పనితనమునకు మతభేదము లేదు. కాని ఆ పనితనమునకు ఆయువు పోయునది ఎవరు? మంచిచెడ్డలను గుర్తింపగల కొనువాడే. గుర్తించువాడు లేనినాడు మంచి పలకకును చెడు పలకకును ఒకే ధర పలుకును. అంతట మంచి పనివాడు ఉలిని క్రింద పెట్టును.

బాగ్దాదు ఊద్ విషయమున ఇది యెంత సత్యమో, బొబ్బిలి చెంత గొల్లపల్లిలో పనసదుంగను తొలుచువాని విషయమునను అంతే సత్యము. మన విద్యార్థులు ఏ వాద్యమునైనను, చేతితో చేసిన ఏ వస్తువునైనను కొనబోవునపుడు ధరను అడుగుటకు ముందు, ‘దీనినెట్లు చేసితిరి?’ అని ఒక్క ప్రశ్న అడుగుదురు గాక.