బోటు ట్రైలర్ బ్రేక్ లైన్: ఫ్రేముకు చిల్లు పెట్టకుండా బిగించే పద్ధతి

పాత బోటు ట్రైలర్ కిందకి దూరి చూస్తే బ్రేక్ లైన్ ఎక్కడో ఒకచోట వేలాడుతూ కనిపించడం మామూలే. కంపెనీ వేసిన క్లిప్ తుప్పు పట్టి రాలిపోయి ఉంటుంది. లేదంటే ముందటి యజమాని కట్టిన జిప్ టై ఎండకు పెళుసుబారి విరిగి ఉంటుంది. వెంటనే తోచేది ఒకటే: డ్రిల్లు తీసుకుని ఫ్రేముకు ఓ చిల్లు పెట్టి, సెల్ఫ్ ట్యాపింగ్ స్క్రూతో కొత్త క్లిప్ బిగించేయడం. అయిదు నిమిషాల్లో అయిపోయే పని కాబట్టే చాలామంది చేస్తారు. డాలస్ పక్కన లేక్ లూయిస్‌విల్‌కో, అట్లాంటా పైన లేక్ లేనియర్‌కో, హ్యూస్టన్ నుంచి గాల్వెస్టన్ ఉప్పునీటికో వారాంతాల్లో బోటు లాక్కెళ్లే తెలుగు కుటుంబాల్లో, సెకండ్ హ్యాండ్ బోటుతో పాటు ట్రైలర్ కూడా చేతికొచ్చినవాళ్లు ఆ డ్రిల్లు ముట్టుకునే ముందు ఇది చదవండి.

బ్రేకులున్న బోటు ట్రైలర్లలో ఎక్కువ వాటికి ఉండేవి సర్జ్ బ్రేకులు. ముందున్న కారు వేగం తగ్గగానే వెనక బరువు ముందుకు తోస్తుంది. ఆ తోపుడుకు కప్లర్ లోపలికి జారి మాస్టర్ సిలిండర్‌ని నొక్కుతుంది, ఒత్తిడి లైన్ల గుండా చక్రాలకు చేరుతుంది. కారులో హైడ్రాలిక్ దారి రెండు పాయలుగా ఉంటుంది, ఒక పాయ కారిపోయినా రెండోది ఎంతో కొంత ఆపుతుంది. ట్రైలర్‌కి ఆ వెసులుబాటు లేదు. ఒకటే సిలిండర్, ఒకటే దారి. ఆ సన్నని గొట్టం ఏ మూల రాపిడికి అరిగి చిల్లు పడినా అన్ని చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. డాష్‌బోర్డు మీద లైటేమీ వెలగదు. బోటు, ఇంజను, పెట్రోలు, ట్రైలర్ కలిపి నాలుగైదు వేల పౌండ్ల బరువును కారు బ్రేకులే ఒంటరిగా ఆపాల్సి వస్తోందని మీకు తెలిసేది, హైవే మీద ముందువాడు సడన్‌గా ఆగినప్పుడే. ట్రైలర్‌కి సొంత బ్రేకులు ఉండి తీరాలన్న బరువు హద్దు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: టెక్సస్‌లో 4,500 పౌండ్లు, కాలిఫోర్నియాలో 3,000. ఇరవై అడుగుల బోటు ఆ హద్దుల దగ్గరికి తేలిగ్గా వచ్చేస్తుంది.

మరి చిల్లు పెడితే ఏమవుతుంది? గాల్వనైజ్డ్ ఫ్రేమును కరిగిన జింకులో ముంచి తీస్తారు, లోపలా బయటా పూత పట్టడానికి. డ్రిల్లు దిగిన చోట ఆ పూత పోయి పచ్చి ఉక్కు బయటపడుతుంది. బయటి అంచుకు జింకు స్ప్రే కొట్టవచ్చు గానీ, బాక్సు ట్యూబు లోపలి అంచుకు కొట్టే దారే లేదు. ర్యాంపు దగ్గర ట్రైలర్ మునిగిన ప్రతిసారీ నీళ్లు చేరి నిలిచేదీ అక్కడే. ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. బాక్సు ట్యూబు ఫ్రేముల్లో లైట్ల వైర్లూ, ఒక్కోసారి బ్రేక్ లైనే కూడా, లోపలి నుంచే వెళ్తాయి. గుడ్డిగా దింపిన డ్రిల్లు బిట్టు వాటిని చీల్చవచ్చు. స్క్రూ మొన లోపల పొడుచుకుని మిగిలిపోతే, పక్కన ఊగే వైరుని నెలల తరబడి గీకుతూ ఉంటుంది. అల్యూమినియం ఐ బీమ్ ఫ్రేములో ఉక్కు స్క్రూ దిగ్గొడితే ఉప్పునీటిలో ఆ రెండు లోహాల మధ్య రసాయన చర్య మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది, చిల్లు తనంత తానే పెద్దదవుతుంది.

చేయవలసినవి

పని మొదలెట్టే ముందు చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టి, ఫ్రేము కింద జాక్ స్టాండ్లు పెట్టండి. ముందున్న టంగ్ జాకీ ఒక్కదాన్ని నమ్మి కిందకి దూరకండి.

ఫ్రేమంతా ఒకసారి చేత్తో తడిమి చూడండి. లైన్ పట్టుకోగల చోట్లు ఇప్పటికే చాలా ఉంటాయి: ఐ బీమ్ లేదా సి ఛానల్ అయితే దాని అంచు, అడ్డ బీములు పట్టుకున్న యు బోల్టుల మరలు, బంక్ బ్రాకెట్లు, ఫెండర్ బ్రాకెట్లు, కంపెనీ వాళ్లే వదిలిన ఖాళీ చిల్లులు. కొత్త చిల్లు కావాలనిపించిన చోట ఒక అడుగు అటో ఇటో జరిగితే తరచూ పాత ఆధారమే దొరుకుతుంది.

అంచున్న ఫ్రేముకు అంచు క్లిప్పుల్ని మించింది లేదు. స్ప్రింగు ఉక్కుతో చేసిన ఈ క్లిప్పుని సుత్తితో మెల్లగా తడితే ఫ్లాంజి అంచు మీద బిగుసుకుంటుంది, దాని వంపులో లైన్ కూర్చుంటుంది. కొనేటప్పుడు రెండు కొలతలు చూడండి: ఫ్లాంజి మందం, లైన్ వ్యాసం. చాలా ట్రైలర్లలో లైన్ 3/16 అంగుళం ఉంటుంది, కొన్నిటిలో 1/4 కూడా కనిపిస్తుంది. ఒకదానికి కొన్న క్లిప్పు రెండోదానికి పనికిరాదు. లైన్‌ని ఫ్రేము లోపలి వైపు, వీలైతే పై ఫ్లాంజి కింద నడపండి. కింది ఫ్లాంజి మీద ఇసుకా బురదా చేరి తడి పట్టి ఉంచుతాయి. ఫ్రేము అడుగున వెళ్లే లైన్ అయితే ఏదో ఒక ర్యాంపుకి తగులుతుంది.

బాక్సు ట్యూబుకు అంచు ఉండదు కాబట్టి అక్కడ పట్టీ పద్ధతి. ట్యూబు చుట్టూ స్టెయిన్‌లెస్ హోస్ క్లాంప్ తిప్పి, కింద సన్నటి రబ్బరు ముక్క వేసి, ఆ హోస్ క్లాంప్‌కే రబ్బరు గుండ్రం ఉన్న పి క్లాంప్‌ను చేర్చి బిగించండి. షాపులో ఒక చిన్న మోసం ఉంటుంది: పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మాత్రం మామూలు ఉక్కు. జేబులో అయస్కాంతం వేసుకుని వెళ్లి స్క్రూకి తాకించండి. గట్టిగా అంటుకుంటే అది వద్దు, ఒక సీజన్‌లోనే తుప్పు పడుతుంది. పొడుగు పట్టీలు దొరకకపోతే స్టెయిన్‌లెస్ టైలు వాడవచ్చు. వాటి అంచు కత్తిలా ఉంటుంది, అందుకని లైన్ మీదకి వచ్చే చోట రబ్బరు గొట్టం తొడుగు తప్పనిసరి.

యు బోల్టుకి పి క్లాంప్ తగిలించేటప్పుడు ఉన్న నట్టుని కదపకండి. నట్టు దాటి పైకి మిగిలిన మరల మీద క్లాంప్ పెట్టి, దాని పైన రెండో నట్టు బిగించండి. ఫ్రేమునీ అడ్డ బీములనీ పట్టి ఉంచే బిగింపుని ఒక చిన్న క్లిప్పు కోసం వదులు చేయడం చెడ్డ బేరం.

లైన్‌ని బాక్సు ట్యూబు లోపలి నుంచి లాగే దారి కూడా ఉంది, కొందరు తయారీదారులు అలాగే చేస్తారు. పాత లైన్ చివర గట్టి తాడు కట్టి, లైన్ బయటికి లాగితే తాడు లోపల మిగులుతుంది. దానితో కొత్తది లాక్కోవచ్చు. లోపలికి దిగే చోట, బయటికి వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ ఉండాలి. అయితే లోపల తుప్పు పడుతున్నా కంటికి కనపడదు, అదొక్కటే దీంట్లో నాకు నచ్చనిది. ఉప్పునీటిలో దింపే ట్రైలర్‌కైతే నేను బయటి దారే ఎంచుకుంటాను.

బిగింపుల మధ్య దూరం అడుగున్నరకు మించనివ్వకండి. వంపు తిరిగే చోట వంపుకు రెండు పక్కలా ఒక్కొక్కటి. ఉక్కు లైన్ నుంచి రబ్బరు హోసుకి మారే చోట ఒకటి తప్పనిసరి, ఎందుకంటే హోసు ఊగినప్పుడు ఆ ఊపు ఫ్లేర్ జాయింటు మీద పడకూడదు. వేలితో లైన్‌ని తట్టితే గలగలలాడకూడదు.

అసలు పరీక్ష రబ్బరు హోసు దగ్గర. ఆకు స్ప్రింగుల ట్రైలర్‌లో యాక్సిల్ మొత్తం పైకీ కిందకీ కదులుతుంది, కాబట్టి ఫ్రేము నుంచి యాక్సిల్‌కి వెళ్లే హోసుకి ఆ కదలిక సరిపడా పొడవు ఉండాలి. టార్షన్ యాక్సిల్‌లో గొట్టం ఫ్రేముకే బోల్టు అయి ఉంటుంది, ఊగేవి చక్రాల చేతులు. అక్కడ ఒక్కో చక్రానికీ హోసు చూడాలి. ఫ్రేము ఎత్తి చక్రాలు పూర్తిగా వేలాడనివ్వండి. అప్పుడు హోసు సాగకూడదు. దించి బరువు పడ్డాక ఎక్కడా నలగకూడదు, టైరుకి తగలకూడదు. చిన్న గరాజులో పట్టాలనీ, డ్రైవ్‌వే మీద ట్రైలర్ కనపడితే హెచ్‌ఓఏ ఉత్తరం వస్తుందనీ మడిచే టంగ్ ఉన్న ట్రైలర్ కొన్నవాళ్లు, మడత దగ్గర కూడా ఇదే పరీక్ష చేయాలి. అక్కడ ఉక్కు లైన్ ఉండనే కూడదు, హోసే ఉండాలి.

యాక్సిల్ మీద లైన్‌ని వెనక వైపుకు పెట్టి పట్టీలతో కట్టండి, చక్రాలు ఎగరేసే రాళ్లు ముందు వైపే తగులుతాయి.

చేయకూడనివి

యాక్సిల్ ట్యూబుకి డ్రిల్లూ వద్దు, వెల్డింగూ వద్దు. బోటు బరువు మొత్తం మోసేది అదే. గాల్వనైజ్డ్ ఫ్రేము మీద చిన్న ట్యాబ్ వెల్డ్ చేసేద్దామన్న ఆలోచనా మానండి. జింకు కాలితే వచ్చే పొగ పీలిస్తే జ్వరం, వణుకు వస్తాయి, చుట్టూ ఉన్న పూతా పోతుంది.

మామూలు నైలాన్ జిప్ టైలని శాశ్వతం అనుకోకండి. ట్రైలర్ సంవత్సరంలో ఎక్కువ కాలం ఎండలో, స్టోరేజి లాటులో నిలబడే ఉంటుంది. ఎండ తట్టుకునే నల్ల టైలు కొంత మేలు, అయినా అవి దారిలో అత్యవసరానికే. ఇంటికొచ్చాక తీసేసి సరైన క్లిప్ వేయండి.

అంటించే మౌంట్ల మీదే ఆధారపడకండి. రెండు వైపులా అంటుకునే ఫోమ్ టేపులకు పూర్తి పట్టు రావడానికి గది వేడిలో మూడు రోజుల దాకా పడుతుంది, గరుకైన జింకు మీద అవి సరిగా అతకవు. రెండు బలమైన బిగింపుల మధ్య సాయంగా ఒకటి అంటించుకుంటే తప్పులేదు.

లైన్‌నీ లైట్ల వైర్లనీ ఒకే కట్టగా చుట్టకండి. ఉక్కు గొట్టం పక్కన ఊగే వైరుకి ఇన్సులేషన్ అరుగుతుంది. రాగి నికెల్ లైన్ అయితే, అల్యూమినియం ఫ్రేముకి నేరుగా ఆనకుండా రబ్బరు అడ్డం పెట్టండి.

లైన్ తెగితే కంప్రెషన్ ఫిట్టింగుతో అతకకండి. బ్రేకు ఒత్తిడి చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్లు దాటవచ్చు. అక్కడ కావలసింది 45 డిగ్రీల డబుల్ ఫ్లేర్. ప్లంబింగ్ షాపులో దొరికే రాగి గొట్టం అసలే వద్దు, కుదుపులకు గట్టిపడి చిట్లుతుంది. ఫ్లేర్ కట్టడం రాకపోతే, చివరలు సిద్ధం చేసి అమ్మే లైన్లు అడుగుల లెక్కన దొరుకుతాయి. కాస్త పొడుగుది కొని, మిగిలిన పొడవుని వెడల్పాటి వంపుగా తిప్పి క్లిప్ చేస్తే చాలు.

రిజర్వాయర్ మూత మీద డాట్ 3 అని ఉంటే డాట్ 5 పోయకండి. అది సిలికాన్ ఫ్లూయిడ్, రెండూ కలవవు.

బిగించాక

లైన్ విప్పి ఉంటే గాలి చేరినట్టే. ఆక్చువేటర్‌కి (కప్లర్, మాస్టర్ సిలిండర్ ఉన్న ముందు భాగానికి) అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి బ్లీడ్ చేయండి. తర్వాత ఒకరు ఆక్చువేటర్‌ని నొక్కి పట్టుకుంటే, ఇంకొకరు ప్రతి జాయింటునీ తెల్ల కాగితంతో తుడిచి చూడాలి. బ్రేక్ ఫ్లూయిడ్ చుక్క బోటు పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడగండి, లేకపోతే రంగు లేచిపోతుంది.

మొదటిసారి లాగేటప్పుడు ఖాళీ పార్కింగ్ లాటులో తక్కువ వేగంతో నాలుగైదు సార్లు ఆపి, దిగి, కిందకి వంగి చూడండి. హబ్బులు చల్లబడకుండా ర్యాంపు దింపకండి. వేడి హబ్బు నీళ్లలో మునిగితే లోపలి గాలి ముడుచుకుని బేరింగులోకి నీళ్లు పీల్చుకుంటుంది. ఉప్పునీటి నుంచి వచ్చిన రోజు మంచినీళ్లతో ఫ్రేము లోపలి మూలలు కూడా కడగండి. ఆ కడిగేటప్పుడే ఒక్కో క్లిప్పునీ వేలితో లాగి చూస్తే విడిగా తనిఖీకి రోజు పెట్టుకోనక్కర్లేదు. తీసేసిన పాత ఫ్లూయిడ్‌ని మురికి కాలువలో పోయకుండా సీసాలో పోసి, మీ కౌంటీ ప్రమాదకర వ్యర్థాల కేంద్రంలో ఇచ్చేయండి.