శాకాన్నము – జిహ్వా సంస్కారము

శ్రీమద్భగవద్గీత పదునేడవ అధ్యాయమున శ్రీకృష్ణ పరమాత్మ ఆహారమును మూడు విధములుగా విభజించెను. సాత్త్వికాహారము ఆయుర్బలారోగ్యములను, సుఖమును పెంపొందించునని పలికి, అది రసవంతమనియు, మనస్సునకు ప్రియమనియు కూడ వచించెను. అనగా సాత్త్వికాహారము రుచి లేని ఆహారము కాదు. అయినను దంపుడు బియ్యపు అన్నము, తోటకూర, కాకరకాయ వడ్డించినపుడు పెక్కు గృహములలో పిల్లలే కాదు, పెద్దలును వానిని విస్తరిలో ప్రక్కకు నెట్టుచున్నారు. భగవానుడు ప్రియమన్న పదార్థము జిహ్వకు రుచింపకపోవుటకు కారణమేమి? లోపము పదార్థమున నున్నదా, జిహ్వ యందున్నదా?

ఈ ప్రశ్నకు సమాధానము గీత పదునెనిమిదవ అధ్యాయమున లభించును. సాత్త్విక సుఖము మొదట విషమువలె తోచి, అభ్యాసముచే తుదకు అమృతతుల్యమగునని అచట చెప్పబడినది. రాజస సుఖము దీనికి విపరీతము. కార్తిక మాసమున వనభోజనమునకు పోయిన వారందరును ఈ సత్యమును ఎరుగుదురు. ఉసిరికాయను కొరికినంతనే పులుపు, వగరు నోటిని పట్టుకొనును. పిమ్మట గ్రుక్కెడు నీరు త్రాగినచో ఆ నీరే తీయగా నుండును. శిశువునకు తీపి సహజముగా ప్రియము, చేదు అప్రియము, అది ప్రకృతి. కాని చేదును, వగరును, కారమును ఆస్వాదించుట ప్రతి మనుజుడును పిదప నేర్చుకొన్న విద్యయే. ఏటేట ఉగాది నాడు వేపపూవుతో ప్రసాదము స్వీకరించు జాతికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ విద్యను మరచుటవలన కలుగు నష్టమునకు గోదావరీ మండలమే సాక్షి. ధవళేశ్వరము వద్ద సర్ ఆర్థర్ కాటన్ పూనికతో 1847లో ఆరంభమైన ఆనకట్ట 1852లో పూర్తియైనది. కాలువలు పారిన మేర వరి విస్తరించి, డెల్టా ధాన్యాగారమైనది. అనంతర కాలమున రోలు, రోకలి స్థానమును బియ్యపు మిల్లులు ఆక్రమించెను. మర పట్టిన బియ్యము మల్లెపూవువలె తెల్లనై కంటికి ఇంపు గొలిపినది. తవుడు పశువుల కుడితిలోనికి పోయినది. ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున ఉత్తర సర్కారు జిల్లాలలో బెరిబెరి వ్యాధి పాతుకొని యున్నట్లు వైద్యులు గుర్తించిరి. కాళ్లు తిమ్మిరెక్కుట, వాచుట, గుండె బలహీనపడుట ఆ వ్యాధి లక్షణములు. 1890 దశకమున జావా ద్వీపమున ఐక్మన్ అను డచ్చి వైద్యుడు తెల్లని బియ్యము మేపిన కోళ్లకు ఇట్టి వ్యాధియే సోకుటయు, తవుడు తీయని బియ్యముతో అది నయమగుటయు కనుగొనెను. ఈ పరిశోధనకు 1929లో ఆయనకు నోబెల్ బహుమతి లభించినది. తవుడులో నున్న థయమిన్ అను విటమిను లోపించుటయే ఆ వ్యాధికి మూలము. ధాన్యమును ఉడికించి దంచు ఉప్పుడు బియ్యమున ఆ సారము గింజలోపలికి చేరి కొంత నిలుచును గనుక, తమిళ దేశమున ఆ బియ్యము తినువారికి ఈ బాధ అంతగా కలుగలేదు. అన్నపు రాశుల నడుమ అన్నసారము లేక జనులు కృశించిరి. దీనికంతటికి మూలము కంటికి తెలుపు, నాలుకకు మెత్తదనము కావలెనను కోరికయే గదా!

అట్లని జిహ్వను శత్రువుగా చూడనక్కరలేదు. భాగవతము ఏకాదశ స్కంధమున అవధూత, గాలమునకు చిక్కిన చేపను గురువుగా స్వీకరించి, రసనేంద్రియమును జయింపనంత వరకు ఇంద్రియజయము పూర్తి కాదని తెలిపెను. జయించుట యనగా రుచిని చంపుట కాదు. రుచిని సన్మార్గమున నడుపుట. దానికి క్రమమును చరకాచార్యులు సూత్రస్థానమున ఉపదేశించిరి. అలవాటైన అపథ్యమును ఒక్కసారిగా విడువరాదు. పాదము చొప్పున, అనగా నాలుగవ వంతు చొప్పున విడుచుచు, ఆ మేరకు పథ్యమును చేర్చుకొనవలెను. ఒక మెట్టునకు, మరియొక మెట్టునకు నడుమ వ్యవధిని పెంచుకొనుచు పోవలెను. ఇట్లు వదలిన దోషములు తిరిగి రావనియు, చేకూర్చుకొన్న గుణములు స్థిరపడుననియు వారి సిద్ధాంతము.

వైష్ణవ సంప్రదాయమున ఈ శిక్షణకు ఏర్పడిన పాఠశాలయే చాతుర్మాస్య వ్రతము. తొలి ఏకాదశి మొదలు కార్తికమున ఉత్థాన ద్వాదశి వరకు నిష్ఠ గల గృహములలో, విశేషించి మాధ్వ కుటుంబములలో, మొదటి మాసము శాకములను, రెండవ మాసము పెరుగును, మూడవ మాసము పాలను, నాలుగవ మాసము ద్విదళములను, అనగా పప్పుధాన్యములను, విడుతురు. కూరలు లేని మాసము గడచిన పిమ్మట విస్తరిలో పడిన పిడికెడు తోటకూర ఎంత మధురముగా నుండునో వ్రతము పట్టిన వారికే తెలియును. పెరుగు లేని మాసమున అన్నము స్వతస్సిద్ధమైన తీపిని వెల్లడించును. ఎడబాటువలన నాలుక మేల్కొనును. వ్రతమున ఏ పదార్థమును శాశ్వతముగా నిషేధింపలేదనునదియు గమనింపదగినది. పాలు, పెరుగు సైతము పూర్తిగా మానదలచిన వారికి బీ12 విటమిను ఆకుకూరలలో గాని, ధాన్యములలో గాని లభింపదు గనుక, వారు వైద్యుని సలహా పొందుట అవసరము.

ఇక వంటయింటి మాట. దంపుడు బియ్యమును మొదటి నాడే ఏసరులో పోసి, సామాన్య బియ్యమువలె దింపినచో అది గట్టిగా నుండి విసుగు పుట్టించును. చరకుని పద్ధతిలో మొదట నాలుగింట ఒక పాలు దంపుడు బియ్యము కలుపవలెను. అది ఆలస్యముగా ఉడుకును గనుక ముందుగా విడిగా నానవేసి, నీరు హెచ్చుగా పోసి వండవలెను. గంజి వార్చినచో సారము నీటితో పోవును. అత్తెసరు పెట్టుట మేలు. ఉప్పును ఒక్కమారుగా మానినచో వంట చప్పబడును. కొద్దికొద్దిగా తగ్గించినచో కొన్ని వారములలో నాలుక ఆ తక్కువ ఉప్పునకే అలవడునని ఆధునిక పరిశోధకులును గుర్తించిరి.

నీరుల్లి, వెల్లుల్లి లేనిదే కూరకు రుచి రాదనుట అపోహ. కంద బచ్చలికి పులుపును, ఆవముద్దయు, పనసపొట్టునకు ఆవయు, ఇంగువ పోపును, అరటిదూటకు నువ్వుపొడియు, పెసరపప్పునకు అల్లమును చేర్చి గోదావరీ తీరపు గృహిణులు తరతరములుగా ఈ అపోహను ఖండించుచునే యున్నారు. కాకరకాయను పిల్లలకు మొదట ఒక్క ముక్క, అదియు పప్పన్నముతో, ఆకలి వేళ వడ్డింపవలెను. బలవంతము చేసి పెట్టిన ఆహారము ద్వేషమునే పెంచును. తల్లిదండ్రులు ఇష్టముతో తినుట చూచిన పిల్లవాడు తానే చేయి చాచును.

అన్నిటికంటె గొప్ప ఉపాయము నివేదన. భగవంతునకు వండునపుడు వంట చేయువారు రుచి చూడరు. వడ్డించిన పిదప అది ప్రసాదము. ప్రసాదమునకు వంక పెట్టు ఆచారము లేదు. అన్నవరము కొండపై ఆకులో కట్టి యిచ్చిన గోధుమనూక ప్రసాదమును యాత్రికుడు కన్నుల కద్దుకొని భుజించునే గాని, నూక ముతకయని విడువడు. ఆ భావము ఇంటి విస్తరి చెంతకును రావలెను. ఇంట పిల్లలు తోటకూరను చూచి మొగము చిట్లించు వేళ, అది స్వామి ఆరగించిన శేషమని తల్లి చెప్పు మాటకు మించిన పోపు లేదు.

ఆహారము శుద్ధమైనచో అంతఃకరణము శుద్ధమగునని ఛాందోగ్యోపనిషత్తు బోధించుచున్నది. శ్రీభాష్యమున భగవద్రామానుజులు జాతిచే, ఆశ్రయముచే, నిమిత్తముచే దోషము పొందని అన్నము వలన కలుగు దేహశుద్ధియే వివేకమను పూర్వాచార్య వాక్యమును గ్రహించి, భక్తి సాధనములలో దానిని ప్రథమముగ నిలిపిరి. కావున విస్తరి ముందు కూర్చుండుటయు సాధనలో భాగమే. ఋణము లేక, తన ఇంట కొంచెము శాకమును వండుకొని తినువాడే సుఖియని ధర్మరాజు యక్షునకు బదులు చెప్పెను. ద్రౌపది పాత్రకు అంటుకొని యున్న శాకపు ముక్కతో స్వామియే తృప్తుడై లోకమునెల్ల తృప్తి పరచెనని భారత గాథ.

రాబోవు తొలి ఏకాదశి పిమ్మట గృహస్థులు ఒక్క నియమమును స్వీకరింతురు గాక. నాలుగు మాసములలో నాలుగు పాదములుగా తెల్లని బియ్యము తగ్గించి దంపుడు బియ్యము చేర్చుకొనవలెను. ఉపవాస, వ్రత నిషేధములు లేని దినములలో విస్తరిపై ఒక ఆకుకూరయో, కాయకూరయో తప్పక యుండవలెను. మధుమేహము, మూత్రపిండ వ్యాధి గలవారు వైద్యుని సమ్మతితోనే మార్పులు చేసికొనవలెను. ఉత్థాన ద్వాదశి నాడు తులసి చెంత ఉసిరికొమ్మను నిలిపి పూజించు వేళకు, మొదట ముతకగా తోచిన అన్నమే కమ్మనిదని జిహ్వయే సాక్ష్యము పలుకును.