ఇన్సులిన్: సీసా, సిరంజి, ఎండ

1921లో టొరంటోలో ఇన్సులిన్‌ను కనుగొన్నది బాంటింగ్, బెస్ట్. 1923 నోబెల్ మాత్రం బాంటింగ్, మెక్లియోడ్‌లకు దక్కింది. పోటీ పరీక్షల అభ్యర్థులు తడబడేది ఇక్కడే. బాంటింగ్ పుట్టినరోజు, నవంబర్ 14, ప్రపంచ మధుమేహ దినోత్సవం.

పరీక్షకన్నా ఇంట్లో పనికొచ్చే సంగతి వేరే ఉంది. మన దగ్గర దొరికే సీసాల్లో ఎక్కువ భాగం మిల్లీలీటరుకు 40 యూనిట్లవి. వాటికి ఎర్రమూత సిరంజి. 100 యూనిట్ల రకానికి నారింజమూత. 100 రకం మందును ఎర్రమూత సిరంజితో ఎక్కిస్తే మోతాదు రెండున్నర రెట్లవుతుంది! మోతాదు ఎక్కువైతే వచ్చే చెమట, వణుకు, ఆకలి రక్తంలో చక్కెర పడిపోతోందనడానికి గుర్తులు. స్పృహ ఉంటే వెంటనే పంచదార నీళ్లు తాగించాలి.

తెరవని సీసాను 2–8 డిగ్రీల మధ్య ఉంచాలి, గడ్డకడితే పారేయాలి. ఉదయగిరి, ఆత్మకూరు లాంటి ఊళ్ల వేసవిలో బస్సు కిటికీ పక్కన సంచిలో పెట్టి తెచ్చుకోవద్దు. ఫ్రిజ్ లేని ఇంట్లో, వాడుతున్న సీసాను నీడన తడి మట్టికుండలో దాచవచ్చు. తెరిచాక చాలా రకాలు 4 వారాలే పనిచేస్తాయి.