తవుడుకి హస్క్ అని రాశాను: సంక్రాంతి పనుల్లో నేర్చుకున్న ఇంగ్లీషు మాటలు

ఈసారి జీవామృతం గురించో, కషాయాల గురించో కాదు, మాటల గురించి చెబుతాను. మన పంట మనమే అమ్ముకోవాలంటే కొన్ని ఇంగ్లీషు మాటలు రావాలి. ఆ సంగతి నాకు నష్టపోయాకే తెలిసింది.

రెండేళ్ల కిందట మా దంపుడు బియ్యం 60 కిలో ప్యాకెట్లు సిటీలో ఒక షాపుకి పంపాం. తవుడు పొర పోకుండా దంచినవి అని చెప్పాలని లేబుల్ మీద నేనే ‘విత్ హస్క్’ అని రాయించాను. వారం తిరక్కుండా ప్యాకెట్లు వెనక్కి వచ్చేశాయి. “ఊకతో ఉన్న బియ్యం ఎలా తింటామండీ అని అడుగుతున్నారు” అన్నారు షాపువాళ్లు. హస్క్ అంటే ఊక. తవుడుని బ్రాన్ అనాలి. బియ్యంలో ఏ లోపమూ లేదు, తప్పంతా నేను రాయించిన మాటలో ఉంది. దంపుడు బియ్యం ఎక్కువ రోజులు నిల్వ ఉండవు కదా. కొన్ని చుట్టాలకి ఇచ్చాం, కొన్ని మేమే వండుకున్నాం. రాను పోను ఛార్జీలు, లేబుళ్ల ఖర్చు మీద పడ్డాయి.

ఆ సంక్రాంతికి పదో తరగతి చదివే మా అమ్మాయి ఒక మాట అంది: “అమ్మా, పుస్తకం ముందు కూర్చుంటే నీకు రావు. నువ్వు చేసే పనిని ఇంగ్లీషులో ఏమంటారో అడుగు, చెప్తా.” అలా పండగ మూడు రోజులూ నేర్చుకున్నవే ఇవి.

కళ్లం నుంచి రోలు దాకా

ఊక తీయనంత వరకు అది ప్యాడీ, తీశాక రైస్. “రైస్ పది బస్తాలు ఉంది” అంటే కొనేవాళ్లు బియ్యం అనుకుంటారు. ధాన్యమైతే ప్యాడీ అనే చెప్పాలి. నూర్చడం త్రెషింగ్, తూర్పారబట్టడం విన్నోయింగ్. గాలికి పోయే పొట్టు చాఫ్. నూకలు బ్రోకెన్ రైస్. వరిగడ్డి స్ట్రా, దాన్ని మొక్కల మొదట్లో పరిస్తే స్ట్రా మల్చ్. పచ్చి బియ్యం రా రైస్, ఉప్పుడు బియ్యం పార్‌బాయిల్డ్ రైస్. రోలు మోర్టార్. తాపీ మేస్త్రి ఇటుకల మధ్య పెట్టే మాలుని కూడా మోర్టారే అంటారు. రోకలి పెసిల్. రాతలో మధ్యన టీ అక్షరం ఉంటుంది గానీ పలకరు.

ఊక, తవుడు మళ్లీ తారుమారు కాకుండా ఒక గుర్తు పెట్టుకున్నాను. ఊదితే హుష్ అని ఎగిరేది హస్క్. బర్రెకి పెట్టేది బ్రాన్.

భోగి, గొబ్బెమ్మ, కనుమ

భోగి మంట బాన్‌ఫైర్. భోగిపళ్లలో పోసే రేగుపండు జుజుబ్. గొబ్బెమ్మకి వాడే ఆవుపేడ కౌ డంగ్. దాని మీద గుచ్చే గుమ్మడి పువ్వు పంప్‌కిన్ ఫ్లవర్, బంతిపువ్వు మేరీగోల్డ్.

కనుమ నాడు పూజించే పశువులన్నీ కలిపి క్యాటిల్. ఆంబోతు బుల్. దున్నే ఎద్దు ఆక్స్, జత అయితే ఆక్సెన్. దూడ కాఫ్, ఇంకా ఈనని పెయ్య హెఫర్.

ఇక్కడే మనకి పనికొచ్చే తేడా ఒకటుంది. పచ్చి పేడ డంగ్, పొలానికి తోలే మాగిన పశువుల ఎరువు మాన్యూర్. ఘనజీవామృతాన్ని ఉట్టి ఫెర్టిలైజర్ అంటే వినేవాళ్లకి యూరియా బస్తా గుర్తొస్తుంది. ఆవుపేడ, ఆవు మూత్రం, బెల్లం, శనగపిండితో చేసిందని విడమరిచి చెప్పండి.

అరిసెల పాఠం

మా ఇంట్లో కిలో పచ్చి బియ్యానికి ముప్పావు కిలో బెల్లం. బియ్యం రాత్రంతా నానబెట్టాలి, అది సోక్. నీళ్లు వంపి వడకట్టడం డ్రెయిన్. తడి ఆరకముందే దంచడం పౌండ్, జల్లించడం సీవ్. బెల్లం కరిగించి పాకం పట్టాలి, పాకం సిరప్. పాకం చుక్క నీళ్లలో వేస్తే మెత్తని ఉండ కట్టాలి. మనం ఉండపాకం అంటాం, వాళ్లు సాఫ్ట్ బాల్ స్టేజ్ అంటారు. అంటే రెండూ ఒకటే మాట! పిండి పోసి కలిపితే వచ్చే ముద్ద డో. నువ్వులు సెసమీ. నూనెలో వేయించడం డీప్ ఫ్రై, గానుగ నూనె వుడ్ ప్రెస్డ్ ఆయిల్. వేగాక రెండు గరిటెల మధ్య నూనె పోయేలా నొక్కడం ప్రెస్. వీడియోలో ప్రతి పని దగ్గరా ఆ మాట పలికాను, మీరూ నాతో పాటు అనండి.

ఒక్క జాగ్రత్త. పిండికీ పువ్వుకీ ఇంగ్లీషులో పలుకు ఒకటే, స్పెల్లింగ్ వేరు. పిండి మాట చివర ఓ యు ఆర్, పువ్వు మాట చివర ఓ డబ్ల్యూ ఈ ఆర్. రైస్ ఫ్లవర్ ప్యాకెట్ మీద పువ్వు స్పెల్లింగ్ పడితే నాలాగే నవ్వులపాలవుతారు.

మన మాటలే తిరిగొచ్చాయి

ఇంగ్లీషంటే బెదరక్కర్లేదు. షుగర్, జాగరీ రెండూ మన శర్కర నుంచి వెళ్లినవే. ఒకటి పారశీక, అరబ్బీ దారిన వెళ్లింది, రెండోది మలయాళం నుంచి పోర్చుగీసు నోట పడి వెళ్లింది. ధాన్యం కొట్టుకి కన్నం వేసే బాండికూట్ అచ్చంగా మన తెలుగు పందికొక్కే. ఆ మాట విన్నాక నాకు సగం భయం పోయింది.

లేబుల్ మీద రాసే ముందు

ఆర్గానిక్ అనే మాట ఊరికే వేయకూడదు. షాపుల ద్వారా అమ్మే సరుకు మీద ఆ మాట ఉండాలంటే ఎన్‌పీఓపీ గానీ పీజీఎస్ ఇండియా గానీ సర్టిఫికెట్ కావాలి. అది లేకపోతే మనం చేసింది ఉన్నదున్నట్టు రాసుకుందాం.

మా కొత్త లేబుల్ మీద ‘హ్యాండ్ పౌండెడ్ రైస్, విత్ బ్రాన్’ అని ఉంది. అచ్చుకి ఇచ్చేముందు మా అమ్మాయి చేత రెండుసార్లు చదివించాను. అదే షాపుకి పంపాం, ఈసారి ఒక్కటీ వెనక్కి రాలేదు. మీ ఇంట్లో చదువుకునే పిల్లలుంటే ఈ పండక్కి వాళ్లని పక్కన కూర్చోబెట్టుకోండి. పని మీరు నేర్పండి, మాట వాళ్లు నేర్పుతారు.