శిశువుల నీళ్లవిరేచనములు - ప్రోబయోటిక్ పొట్లములు

వానకాలమున మంచిర్యాల ప్రాంతపు పల్లెలలో పసిబిడ్డలకు నీళ్లవిరేచనములు పట్టుట మన మెఱిగినదే. అప్పుడు కొందఱు ప్రోబయోటిక్ పొట్లములు కొనుచున్నారు. పెరుగును తోడుకొలుపు సూక్ష్మజీవులకు జ్ఞాతులైనవి వీనియందు గలవు. ఇవి పేగులలోని చెడుజీవుల నణచునని తలంపు.

ఈ తలంపు నిజమగునా? 2018లో రెండు పెద్ద పరీక్షల ఫలితములు వెలువడెను. అమెరికాలో 971 మంది, కెనడాలో 886 మంది బిడ్డలలో కొందఱికి ఈ మందును, కొందఱికి అటులే కనబడు ఉత్త పొడిని ఇచ్చిరి. ఇరుతెగలవారికిని వ్యాధి ఇంచుమించు ఒకే తీరున తగ్గెను.

బిడ్డ ప్రాణమునకు ముప్పు తెచ్చునది ఒంటిలోని నీరును, లవణములును పోవుటయే. కావున మొదట ఓఆర్‌ఎస్ పొట్లమును, దానిపై వ్రాసినంత కాచి చల్లార్చిన నీటిలో కలిపి, చెంచాతో కొంచెము కొంచెముగ త్రాగింపవలయును. కలిపిన నీటిని ఒక దినము మించి ఉంచరాదు. జింకు మాత్రలు 14 దినములు ఇయ్యవలెను: ఆఱు నెలలు దాటినవారికి దినమునకు 20 మిల్లీగ్రాములు, రెండు మొదలు ఆఱు నెలలవారికి 10. చనుబాలు మానరాదు. అన్నము తిను బిడ్డకు పెరుగు మంచి ఆహారమే గాని ఓఆర్‌ఎస్‌కు మాఱు గాదు.

కన్నులు లోతుకు పోయినను, మూత్రము తగ్గినను, మగత కలిగినను, రక్తము పడినను జాగుసేయక ఆసుపత్రికి కొనిపోవుడు. ఓఆర్‌ఎస్, జింకులకై ముందుగనే మీ ఊరి ఆశా కార్యకర్త నడుగుడు. పొట్లములు రెండు ఇంట నుంచుకొనుడు.