గాల్జి లేని కణం - జియార్డియా

కణం పాఠం రాగానే మనమంతా బొమ్మ వేసి భాగాలు గుర్తిస్తాం. కేంద్రకం, మైటోకాండ్రియా, అంతర్జీవ ద్రవ్యజాలం, గాల్జి సంక్లిష్టం. ఒక్కటి తగ్గినా మార్కు పోతుంది. కానీ ఆ బొమ్మకు సరిపోని కణం ఒకటుంది. అది మనుషుల పేగులోనే బతుకుతుంది. పేరు జియార్డియా.

దీన్ని మొదట చూసినవాడు హాలెండుకు చెందిన లీవెన్‌హుక్. 1681లో తనకు విరేచనాలు పట్టుకుంటే తన మలాన్నే తాను చేసుకున్న కటకం కింద పెట్టి చూశాడు. (నవ్వకండి, సైన్సు ఇలాగే ముందుకు పోయింది.) దీనికి రెండు కేంద్రకాలు, ఎనిమిది కశాభాలు. బొమ్మలో చూస్తే రెండు కళ్లతో మనల్నే చూస్తున్నట్టు ఉంటుంది. కిందివైపు ఉన్న గుండ్రటి బిళ్ళతో చిన్నపేగు గోడకు అతుక్కుంటుంది.

ఇక లోపలి త్వచాల సంగతి. అంతర్జీవ ద్రవ్యజాలం ఉంది, కణమంతా పరుచుకుని ఉంది. పైపొర కిందనే వరుసగా చిన్న సంచులున్నాయి. ఆహారాన్ని లోపలికి తీసుకునేవీ అవే, అరిగించేవీ అవే. మన కణాల్లో ఈ రెండు పనులకు వేరువేరు సంచులుంటాయి. గాల్జి మాత్రం ఎంత వెతికినా కనబడదు. మైటోకాండ్రియా కూడా కనబడకపోయేసరికి, ఇది మైటోకాండ్రియా పుట్టకముందు నాటి ఆదిమ జీవి అని 1980లలో కొందరు శాస్త్రవేత్తలు అనుకున్నారు. అయితే 2003లో దీంట్లో మైటోసోములు అనే అతిచిన్న రెండు పొరల సంచులు దొరికాయి. అవి మైటోకాండ్రియా మిగుళ్లు. శక్తిని తయారు చేయవు. అంటే ఒకప్పుడు ఉన్నదాన్ని ఇది వదిలించుకుంది. వండిన అన్నం దొరికేచోట పొయ్యి ఎందుకు? అందుకే 'ఆదిమ' అనే మాట నాకు సరిగా అనిపించదు.

గాల్జి కథ ఇంకా వింత. పేగులో కిందికి కొట్టుకుపోయేటప్పుడు, బయట బతకడానికి దీనికి గట్టి గోడ కావాలి. అప్పుడు ద్రవ్యజాలం నుంచి కొత్త సంచులు పుట్టుకొస్తాయి. గోడకు కావలసిన ప్రోటీన్లు వాటిలో కొన్ని గంటలు మాగి, తర్వాత బయటికి వచ్చి గట్టిపడతాయి. గాల్జి చేయాల్సిన పని ఈ సంచులే చేస్తాయన్నమాట. పని కాగానే అవి ఉండవు. ఊళ్లో పెళ్లికి పందిరి వేసి, అయ్యాక విప్పేయమా? అట్లాగే. గోడ కట్టుకున్న ఈ దశనే కోశం అంటారు.

మలంతో బయటికొచ్చిన కోశాలు చల్లటి నీళ్లలో వారాల తరబడి బతుకుతాయి. పది కోశాలు కడుపులోకి పోయినా చాలు, జబ్బు రావచ్చు. జిడ్డు విరేచనాలు, కడుపుబ్బరం, తిన్నది ఒంటికి పట్టకపోవడం. చిన్న తరగతుల పిల్లలైతే చిక్కిపోతారు.

వార్డెన్ సారు ట్యాంకులో బ్లీచింగ్ కలిపిస్తున్నారు, మంచిదే. కలరా క్రిములు దానికి చస్తాయి. ఈ కోశం గోడ మాత్రం క్లోరిన్‌ను చాలాసేపు తట్టుకుంటుంది. మరిగే నీళ్లను తట్టుకోలేదు, ఒక్క నిమిషం బాగా తెర్లితే చాలు. వానాకాలం వాగు నీళ్లు ట్యాంకుకు ఎక్కినన్నాళ్లు వంటశాలలో రోజూ ఒక గుండిగ నీళ్లు కాచి పెట్టించమని మా తొమ్మిదో తరగతి తరఫున సారును అడుగుతున్నాను. కట్టెలు మోయడానికి మేం వంతులు వేసుకుంటాం.